ఒక జన్యువును చేత్తో చదవడం ఎలా: డీఎన్‌ఏ అక్షరం నుంచి ప్రోటీన్ దాకా

గుంటూరు బ్రాడీపేటలో ఇంటర్ బైపీసీ విద్యార్థులకు చాలా ఏళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. అనులేఖనం (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీయడం) అంటే ఏమిటని అడిగితే తడుముకోకుండా నిర్వచనం అప్పజెప్పే విద్యార్థికి ముప్పై అక్షరాల డీఎన్‌ఏ వరుస ఒకటి రాసిచ్చి, దీని నుంచి ఏ ప్రోటీన్ వస్తుందో చెప్పమంటే, పెన్సిల్ ఎక్కడ ఆనించాలో తోచక ఆగిపోవడం ప్రతి సంవత్సరం చూస్తూనే ఉన్నాను. తప్పు పిల్లలది కాదు. పాఠంలో బొమ్మలు చూస్తారు, బాణం గుర్తులు గీస్తారు, అంతే తప్ప నిజమైన జన్యువు ఒక్కదాన్నైనా మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా స్వయంగా చదివే సందర్భం వాళ్లకు రాదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.

ఇందుకు నేను ఎంచుకున్నది మన రక్తంలోని హీమోగ్లోబిన్‌లో సగభాగమైన బీటా గ్లోబిన్ జన్యువు. శాస్త్రజ్ఞులు దీన్ని హెచ్‌బీబీ అంటారు. ఇది 11వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. జన్యువులలో చాలా చిన్నది కావడం, ఇందులో ఒక్క అక్షరం తారుమారైతే మనిషికి ఏమవుతుందో వైద్యశాస్త్రానికి బాగా తెలిసి ఉండడం, ఈ రెండు కారణాల వల్ల చేత్తో చదవడానికి దీనికన్నా అనువైన జన్యువు నాకు కనిపించలేదు.

ముందుగా ఒక గళ్ల నోటుబుక్కు, పెన్సిల్, రబ్బరు, రెండు రంగుల స్కెచ్ పెన్నులు, మీ వృక్షశాస్త్రం పుస్తకంలో ఉండే జన్యు సంకేతాల పట్టిక (ఏ మూడు అక్షరాల సంకేతానికి ఏ అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్ గొలుసులో ఏ పూస వస్తుందో చెప్పేది), ఇంటర్నెట్ ఉన్న ఫోను దగ్గర పెట్టుకోండి. గళ్ల నోటుబుక్కు తప్పనిసరి అని నా అభిప్రాయం. గీతల కాగితం మీద రాస్తే ఇరవయ్యో అక్షరం దగ్గరకు వచ్చేసరికి పైవరుసకు, కింది వరుసకు పొంతన కుదరదు. గడికి ఒక్క అక్షరమే రాయండి. ఇక్కడ నేను డీఎన్‌ఏ అక్షరాలైన నాలుగు క్షారాల పేర్లను ఏ, టీ, జీ, సీ అని తెలుగులో రాస్తున్నాను, ఆర్‌ఎన్‌ఏలో, అంటే డీఎన్‌ఏ నుంచి తీసే నకలులో, టీ స్థానంలో వచ్చేది యూ. మీరు నోటుబుక్కులో పుస్తకంలో ఉన్నట్టు ఇంగ్లీషు అక్షరాలే వాడుకోండి.

మొదటి పని: ఏ పోచను చదువుతున్నారో తేల్చుకోవడం

డీఎన్‌ఏకు రెండు పోచలు ఉంటాయి. ఒకదానిలో ఏ ఉన్న చోట రెండో దానిలో టీ, ఒకదానిలో జీ ఉన్న చోట రెండో దానిలో సీ ఉంటాయి. రెండూ ఎదురెదురు దిశల్లో సాగుతాయి. పోచ రెండు కొనలకు 5 ప్రైమ్, 3 ప్రైమ్ అని పేర్లు; ఒకటి 5 ప్రైమ్ కొన నుంచి 3 ప్రైమ్ కొనకు పోతుంటే, దాని జంట 3 ప్రైమ్ నుంచి 5 ప్రైమ్‌కు పోతుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. చిక్కంతా ఈ రెండింటిలో కణం దేన్ని మూసగా వాడుకుంటుంది, పుస్తకంలో అచ్చేసింది దేన్ని అన్న దగ్గర వస్తుంది.

మా నాన్నగారు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా పనిచేసేవారు. సీసపు టైపులో అక్షరాలు తిరగబడి ఉండేవి. ఆయన ఆ తిరగబడిన వరుసలను అలవాటుగా చదివేసేవారు కానీ, నాలాంటి వాడికి ప్రూఫు కాగితం తీసి చూపిస్తే తప్ప అక్కడ రాసింది ఏమిటో అర్థమయ్యేది కాదు. మూస పోచ ఆ సీసపు టైపు లాంటిది. దాని మీద ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే ఎంజైము నడుస్తూ తీసే ప్రూఫు కాగితమే ఎంఆర్‌ఎన్‌ఏ, అంటే వార్తను మోసుకుపోయే ఆర్‌ఎన్‌ఏ. మూసకు జంటగా ఉన్న రెండో పోచ ఈ పనిలో నేరుగా పాల్గొనదు, కానీ దానిలోని అక్షరాల వరుస ప్రూఫులో వచ్చే వరుసతో అచ్చంగా సరిపోతుంది, టీ ఉన్న చోట యూ రావడమొక్కటే తేడా. అందుకే దాన్ని కోడింగ్ పోచ అంటారు, అందుకే పుస్తకాల్లోనూ వెబ్‌సైట్లలోనూ దాన్నే అచ్చువేస్తారు.

కాబట్టి మీకు కనిపిస్తున్నది కోడింగ్ పోచ అయితే మీరు చేయవలసిన పని చాలా చిన్నది: ప్రతి టీని యూగా మార్చండి, ఎంఆర్‌ఎన్‌ఏ సిద్ధం. కనిపిస్తున్నది మూస పోచ అయితే మాత్రమే జంట అక్షరాలు రాయాలి, అదీ మూస పోచ 3 ప్రైమ్ కొనను ఎడమవైపు ఉంచుకుని.

డిగ్రీ చదివే రోజుల్లో ఈ తేడా తెలియక నేను ఒక మధ్యాహ్నమంతా వృథా చేసుకున్నాను. బీటా గ్లోబిన్ కోడింగ్ పోచ ఏటీజీ, జీటీజీ, సీఏటీ, సీటీజీ, ఏసీటీ అని మొదలవుతుంది. నేను దాన్నే మూస అనుకుని, కింద జంట అక్షరాలు పేర్చుకుంటూ యూఏసీ, సీఏసీ, జీయూఏ, జీఏసీ, యూజీఏ అని రాశాను. పట్టిక తీసి చూస్తే టైరోసిన్, హిస్టిడిన్, వాలిన్, ఆస్పార్టిక్ ఆమ్లం వచ్చాయి, అయిదోది యూజీఏ, అంటే ఆపు గుర్తు. నాలుగు అమైనో ఆమ్లాలకే హీమోగ్లోబిన్ అయిపోయింది. పట్టిక తప్పుగా అచ్చయిందేమోనని ఇంకో పుస్తకం కూడా తెరిచాను. మీరూ ఈ తప్పును కావాలని ఒకసారి చేసి చూడండి. ఒకసారి చేసి చూసినవాళ్లు పరీక్షలో మళ్లీ చేయడం నేను చూడలేదు.

రెండో పని: ప్రూఫు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ కత్తెర పడుతుందో గుర్తించడం

జన్యువు ముందు భాగంలో ప్రమోటర్ అనే అక్షరాల వరుస ఉంటుంది. దాన్ని గుర్తించే ప్రోటీన్లు వచ్చి అతుక్కున్న తర్వాతే ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అక్కడ కుదురుకుని నకలు తీయడం మొదలుపెడుతుంది. ప్రమోటర్ గురించి చివర్లో మళ్లీ చెబుతాను, ఎందుకంటే జన్యువు ఉండడం వేరు, అది పనిచేయడం వేరు అన్న విషయమంతా అక్కడే ఉంది.

తీసిన మొదటి నకలులో అవసరమైన భాగాలతో పాటు అక్కర్లేని భాగాలూ ఉంటాయి. నిలిచేవి ఎక్సాన్లు, తీసివేతకు గురయ్యేవి ఇంట్రాన్లు. బీటా గ్లోబిన్‌లో మూడు ఎక్సాన్లు, వాటి మధ్య రెండు ఇంట్రాన్లు ఉన్నాయి. మొదటి ఇంట్రాన్ పొడవు 130 అక్షరాలు, రెండోది 850. కోతలన్నీ అయ్యాక మిగిలే ఎంఆర్‌ఎన్‌ఏ 628 అక్షరాలు. మూడింటినీ కూడితే 1,608 వస్తుంది. అంటే కణం శ్రమపడి నకలు తీసిన దానిలో సగానికి పైగా కత్తిరించి పారేస్తోంది. నోటుబుక్కులో ఒక అడ్డగీత గీసి ఈ కొలతల ప్రకారం రంగు వేయండి, ఎక్సాన్లకు ఒక రంగు, ఇంట్రాన్లకు ఇంకొకటి.

కత్తెర ఎక్కడ వేయాలో కణానికి తెలిసేది అక్షరాలను బట్టే. దాదాపు ప్రతి ఇంట్రాన్ జీటీతో మొదలై ఏజీతో ముగుస్తుంది. నకలులో ఆ జీటీ జీయూగా కనిపిస్తుంది. బీటా గ్లోబిన్ మొదటి ఇంట్రాన్ జీటీటీజీజీటీఏటీసీ అని మొదలవుతుంది. ఈ వరుసను గళ్లలో రాసి, అయిదో గడిలో ఉన్న జీ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టండి. ఆ ఒక్క జీ సీగా మారడం మన దేశంలో బీటా థలసీమియా అనే వంశపారంపర్య రక్తహీనతకు ఎక్కువగా కనిపించే కారణం. ఆ అక్షరం ప్రోటీన్ వాక్యంలో లేనే లేదు, కత్తిరించి పారేసే ముక్కలో ఉంది. అయినా అది మారడంతో కత్తెర గుర్తు మసకబారి, కోతలు చాలావరకు తప్పు చోట పడతాయి, సరైన ఎంఆర్‌ఎన్‌ఏ చాలా తక్కువగా తయారవుతుంది, బిడ్డకు రక్తం చాలదు. ఇంట్రాన్లను చెత్త అని కొట్టిపారేసే వాళ్లకు నేను ఈ గడినే చూపిస్తాను.

ఇంకో విశేషం కూడా గమనించండి. ఈ మొదటి కోత సరిగ్గా ఒక మూడక్షరాల సంకేతం మధ్యలో పడుతుంది. ఆ సంకేతంలో రెండు అక్షరాలు మొదటి ఎక్సాన్ చివర ఉంటే, మూడో అక్షరం రెండో ఎక్సాన్ మొదట్లో ఉంటుంది. కత్తెర ఒక్క గడి అటో ఇటో జరిగినా ఆ తర్వాత వచ్చే పాఠమంతా చెడిపోతుంది.

కోతలు పూర్తయి, ముందు కొనకు టోపీ, వెనక కొనకు ఏ అక్షరాల తోక చేరాక ఎంఆర్‌ఎన్‌ఏ కేంద్రకం నుంచి బయటకు వస్తుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో మూల రికార్డు బీరువా దాటి రాకుండా మన చేతికి నకలు మాత్రమే వచ్చినట్టు, డీఎన్‌ఏ కేంద్రకంలోనే ఉండిపోతుంది.

మూడో పని: నిజమైన వరుసను తెచ్చుకోవడం

అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌సీబీఐ వెబ్‌సైట్‌లో ఈ వరుస ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. వెతికే పెట్టెలో హెచ్‌బీబీ ఎంఆర్‌ఎన్‌ఏ సంఖ్య అయిన ఎన్‌ఎం_000518 కొట్టండి. తెరుచుకున్న పేజీలో సీడీఎస్ అని ఉన్న చోట 51 నుంచి 494 వరకు అని కనిపిస్తుంది. ప్రోటీన్ వాక్యం 51వ అక్షరం దగ్గర మొదలై 494వ అక్షరం దగ్గర పూర్తవుతుందని దాని అర్థం. 494 నుంచి 50 తీసివేస్తే 444. దాన్ని మూడుతో భాగిస్తే 148 సంకేతాలు. చివరిది ఆపు గుర్తు కాబట్టి 147 అమైనో ఆమ్లాలు రావాలి. ఈ లెక్క ముందే ఒక మూల రాసి పెట్టుకోండి, చివర్లో సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

పేజీ అడుగున వరుస మొత్తం ఉంటుంది. ఎంఆర్‌ఎన్‌ఏ అని పేరుపెట్టినా యూ బదులు టీ తోనే రాసి ఉంటుంది, కంగారు పడకండి. పంక్తికి అరవై అక్షరాలు, పదేసి అక్షరాల గుంపులుగా, చిన్న బడిలో ఉంటాయి. పది మూడుతో భాగం పోదు కదా, అందువల్ల ఈ గుంపులకు, మనం చదవబోయే మూడేసి అక్షరాలకు ఎలాంటి సంబంధమూ లేదు. గుంపు మధ్య ఖాళీలను చూసి ఆగడమే చాలామంది చేసే పొరపాటు.

మొదటి పంక్తిలో మొదటి అయిదు గుంపులు, అంటే 50 అక్షరాలు, కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రమైన రైబోసోమ్ ప్రోటీన్‌గా మార్చకుండా దాటుకుంటూ పోయే భాగం. రైబోసోమ్ టోపీ ఉన్న కొన నుంచి బయలుదేరి ఏయూజీ కనిపించే దాకా వెతుక్కుంటూ వస్తుంది. ఆ 50 అక్షరాల్లో ఎక్కడైనా ఏటీజీ ఉందేమో మీరే వేలు పెట్టి చూడండి, దొరకదు. ఆరో గుంపు ఏటీజీజీటీజీసీఏటీసీ. ఇదే మనకు కావలసినది.

ఈ గుంపును గళ్లలో మూడేసిగా విడదీస్తే ఏటీజీ, జీటీజీ, సీఏటీ అని మూడు సంకేతాలు పోగా చివర ఒక సీ మిగిలిపోతుంది. పంక్తి అయిపోయింది కదా అని ఆ సీని వదిలేసి రెండో పంక్తి మొదటి నుంచి లెక్క మొదలుపెడితే ఏం జరుగుతుందో చూడండి. రెండో పంక్తి టీజీఏసీటీసీసీటీజీఏ అని మొదలవుతుంది. మొదటి మూడు అక్షరాలు టీజీఏ, ఆపు గుర్తు! మీ ప్రోటీన్ మూడు అమైనో ఆమ్లాల దగ్గర చచ్చిపోతుంది. పై పంక్తి సీని కిందికి తెచ్చుకుంటే అదే చోటు సీటీజీ, ఏసీటీ, సీసీటీ అని సలక్షణంగా చదువుకోవచ్చు. ఎక్కడి నుంచి మూడేసి లెక్కపెడుతున్నామన్నదే చదివే చట్రం. అక్షరాలు అవే, చట్రం జరిగితే అర్థం పూర్తిగా మారిపోతుంది.

నాలుగో పని: మూడేసి అక్షరాలను అమైనో ఆమ్లాలుగా మార్చడం

నాలుగు అక్షరాలతో మూడేసి చొప్పున 64 సంకేతాలు వస్తాయి. వాటిలో 61 సంకేతాలు 20 అమైనో ఆమ్లాలకు చెందితే, యూఏఏ, యూఏజీ, యూజీఏ అనే మూడు ఆపు గుర్తులు. 1961లో నిరెన్‌బర్గ్, మత్తాయ్ అనే శాస్త్రజ్ఞులు యూ అక్షరాలే ఉన్న ఆర్‌ఎన్‌ఏను పరీక్షనాళికలో వేసి, ఫినైల్ అలనిన్ మాత్రమే ఉన్న గొలుసు రావడం చూసి మొదటి సంకేతాన్ని విప్పారు. తెలిసిన వరుసతో ఆర్‌ఎన్‌ఏను రసాయనికంగా తయారుచేసి మిగతా సంకేతాలను విప్పడంలో పెద్ద చేయి వేసినది అవిభక్త భారతదేశంలో పుట్టిన హర్ గోబింద్ ఖొరానా. ఆయనకు, నిరెన్‌బర్గ్‌కు, హోలీకి కలిపి 1968లో నోబెల్ బహుమతి వచ్చింది. మీ పుస్తకంలోని ఆ చిన్న పట్టిక వెనక ఉన్న కథ ఇది.

పట్టికలో ఎడమ నిలువు వరుస మొదటి అక్షరం, పై అడ్డ వరుస రెండోది, కుడి నిలువు వరుస మూడోది. టీలన్నిటినీ యూలుగా మార్చుకుని మొదటి పది సంకేతాలు నాతో పాటు చూడండి: ఏయూజీ మెథియోనిన్, జీయూజీ వాలిన్, సీఏయూ హిస్టిడిన్, సీయూజీ ల్యూసిన్, ఏసీయూ థ్రియోనిన్, సీసీయూ ప్రోలిన్, జీఏజీ గ్లుటామిక్ ఆమ్లం, మళ్లీ జీఏజీ గ్లుటామిక్ ఆమ్లమే, ఏఏజీ లైసిన్, యూసీయూ సెరిన్. తర్వాతివి మీరు కొనసాగించండి. చివర ఏఏజీ, యూఏయూ, సీఏసీ, అంటే లైసిన్, టైరోసిన్, హిస్టిడిన్ వచ్చి, ఆ వెంటనే యూఏఏ వస్తే మీరు దారి తప్పలేదన్నమాట. లెక్కపెడితే 147 ఉండాలి. కణం తర్వాత మొదటి మెథియోనిన్‌ను తొలగిస్తుంది కాబట్టి రక్తంలో తిరిగే బీటా గ్లోబిన్‌లో 146 అమైనో ఆమ్లాలే ఉంటాయి.

మీరు పట్టిక చూసి చేసిన పనిని కణంలో చేసేది టీఆర్‌ఎన్‌ఏ. దానికి ఒక చివర సంకేతానికి జంటగా సరిపోయే మూడు అక్షరాలు, రెండో చివర ఆ సంకేతానికి తగిన అమైనో ఆమ్లం ఉంటాయి. సరైన అమైనో ఆమ్లాన్ని సరైన టీఆర్‌ఎన్‌ఏకు తగిలించే ఎంజైములే నా దృష్టిలో అసలైన అనువాదకులు, రైబోసోమ్‌కు టీఆర్‌ఎన్‌ఏ ఏం మోసుకొచ్చిందో పరిశీలించే అలవాటు లేదు. ఈ తగిలించే పనికి కణానికి శక్తినిచ్చే అణువైన ఏటీపీ ఖర్చవుతుంది. కండరంలో ఏటీపీని 1929లో ఫిస్కేతో కలిసి గుర్తించి ప్రకటించిన యల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరంలో పుట్టినవారే. తగిలించడానికి రెండు, రైబోసోమ్ మీద గొలుసు పెరగడానికి రెండు, మొత్తం ఒక్కో అమైనో ఆమ్లానికి అధిక శక్తి బంధాలు నాలుగు చొప్పున ఖర్చు వేసుకుంటే, 147 అమైనో ఆమ్లాల గొలుసుకు దాదాపు 590 అవుతాయి. మన కణాల్లో రైబోసోమ్ సెకనుకు సుమారు అయిదు అమైనో ఆమ్లాలు చేరుస్తుందనుకుంటే, మీకు గంటకు పైగా పట్టిన పనిని అది అర నిమిషంలో ముగిస్తుంది.

రైబోసోమ్ ఆకారాన్ని అణువు అణువునా చూపించిన పరిశోధనకు 2009లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ ఒకరు. బాక్టీరియా రైబోసోమ్‌కు, మన రైబోసోమ్‌కు ఉన్న తేడాల వల్లనే టెట్రాసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటి మందులు బాక్టీరియా ప్రోటీన్ తయారీని అడ్డుకుని మనల్ని చాలావరకు వదిలేస్తాయి.

అయిదో పని: అక్షరాలు మార్చి చూడడం

ఇప్పుడు రబ్బరు తీసుకోండి. ఏడో సంకేతం జీఏజీలో మధ్య అక్షరాన్ని చెరిపి టీ రాయండి. జీటీజీ అయింది, అంటే ఎంఆర్‌ఎన్‌ఏలో జీయూజీ, గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలిన్ వచ్చింది. తొలగిపోయే మెథియోనిన్‌ను లెక్కించరు కాబట్టి వైద్య పుస్తకాల్లో దీన్ని ఆరో స్థానం అంటారు. మిగతా 145 అమైనో ఆమ్లాలు చెక్కు చెదరలేదు, అయినా ఇదే సికిల్ సెల్ వ్యాధి. నీటిని ఇష్టపడే గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో నీటిని తప్పించుకునే వాలిన్ రావడంతో, ఆక్సిజన్ వదిలేసిన హీమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా పేరుకుపోయి ఎర్రకణాన్ని కొడవలిలా వంచేస్తాయి. తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లంలో ఉందని 1950ల్లో ఇంగ్రామ్ అనే శాస్త్రజ్ఞుడు చూపించారు. మన రాష్ట్రంలో ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాలలో ఈ వ్యాధి ఉంది. 2023లో దేశవ్యాప్తంగా మొదలైన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ చేసే పరీక్షలన్నీ మీరు ఇప్పుడు చెరిపి రాసిన ఆ ఒక్క గడి కోసమే.

అదే జీఏజీలో మధ్య అక్షరం కాకుండా చివరి జీని ఏ చేయండి. జీఏఏ కూడా గ్లుటామిక్ ఆమ్లమే. అక్షరం మారింది, ప్రోటీన్ మారలేదు.

మార్చడం కన్నా చేర్చడం ప్రమాదకరం. అసలు వరుసను తిరిగి సరిచేసుకుని, తొమ్మిదో సంకేతం ఏఏజీ అయ్యాక ఒక జీని అదనంగా చేర్చండి. ఇది నేను ఊహించి చెబుతున్న మార్పు కాదు, మన దేశంలో బీటా థలసీమియాకు తరచుగా కనిపించే కారణాల్లో ఇదొకటి. ఇప్పుడు ముందుకు చదవండి: టీసీటీ, జీసీసీ, జీటీటీ అని ఉండవలసిన చోట జీటీసీ, టీజీసీ, సీజీటీ, టీఏసీ అని వస్తూ పోతుంది. వాలిన్, సిస్టీన్, ఆర్జినిన్, టైరోసిన్. ఆగకుండా గళ్లు నింపుకుంటూ పోండి. చేర్చిన చోటు నుంచి పద్నాలుగో సంకేతం దగ్గర టీజీఏ ఎదురవుతుంది. అసలు వాక్యంలో అవే మూడు అక్షరాలు జీఏటీ, జీఏఏ అనే రెండు సంకేతాల సందులో, ఎవరికీ హాని చేయకుండా దాగి ఉన్నవి. చట్రం ఒక గడి జరగడంతో ఆపు గుర్తుగా బయటపడ్డాయి. ఈ టీజీఏ మీకు దొరక్కపోతే వెనక్కి వెళ్లి గడి ఎక్కడ తప్పిందో వెతకండి, తప్పకుండా ఎక్కడో ఒక అక్షరం జారిపోయి ఉంటుంది.

ఆరో పని: ఆ జన్యువు అక్కడ పనిచేస్తోందా అని అడగడం

బీటా గ్లోబిన్ జన్యువు మీ చర్మకణంలోనూ ఉంది, కాలేయంలోనూ ఉంది. అక్కడ ఎవరూ దాన్ని చదవరు. ఎముక మజ్జలో ఎర్రకణాలుగా మారబోయే కణాలే దాన్ని పెద్ద ఎత్తున చదువుతాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ దీని బదులు ఎక్కువగా గామా గ్లోబిన్ జన్యువులను వాడుకుని, పుట్టిన తర్వాత నెమ్మదిగా బీటాకు మారుతుంది. సికిల్ సెల్ ఉన్న బిడ్డ తొలి నెలల్లో బాగానే ఉండడానికి కారణం ఇదే.

అక్షరాల భాష జీవులన్నిటికీ దాదాపు ఒకటే, కానీ దాన్ని చదవమని చెప్పే మీట మాత్రం ఒక్కటి కాదు. మన జిల్లా పొలాల్లో బీటీ పత్తి అందరూ చూసినదే, దానికి దేశంలో 2002లో అనుమతి వచ్చింది. అందులోని క్రై1ఏసీ జన్యువు నేలలో ఉండే ఒక బాక్టీరియాది. ఆ జన్యు సంకేతాలను పత్తి రైబోసోమ్ ఇబ్బంది లేకుండా చదువుతుంది, అయితే బాక్టీరియా ప్రమోటర్‌ను పత్తి కణం గుర్తించదు. అందువల్ల మొక్కల్లో పనిచేసే ప్రమోటర్ ఒకదాన్ని, కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తీసుకుని, దాని ముందు తగిలించారు.

ఈ విషయాన్ని కళ్లతో, నాలుకతో చూడడానికి గుంటూరులో ఉన్నవాళ్లకు ప్రయోగశాల అక్కర్లేదు. కుండీలో పెంచుకున్న, మందు కొట్టని మిరప మొక్క నుంచి ఒక ఆకు, ఒక పచ్చిమిరపకాయ కోసుకురండి. కాయను నిలువుగా చీల్చండి. గింజలు అంటుకుని ఉండే తెల్లటి మెత్తటి భాగం కనిపిస్తుంది, అదే ప్లాసెంటా. ముందు ఆకు ముక్కను, తర్వాత కాయ కొన దగ్గర తెల్లటి భాగం తగలని గోడ ముక్కను, చివరగా ఆవగింజంత ప్లాసెంటాను నాలుక చివర పెట్టి చూడండి. ఆకులో కారం తెలియదు, గోడలో కొద్దిగా తెలుస్తుంది, ప్లాసెంటా మాత్రం చెమటలు పట్టిస్తుంది. గింజలే కారమని మనవాళ్లు అనుకుంటారు గానీ, వాటికి ఉన్నది పక్కనున్న ప్లాసెంటా నుంచి అంటిన కారమే.

మూడు ముక్కల్లోనూ ప్రతి కణంలో ఉన్నవి అవే 24 క్రోమోజోములు, అవే జన్యువులు. కారానికి అవసరమైన పన్1 అనే జన్యువును చదివేది మాత్రం ప్లాసెంటా. ఇక్కడ విద్యార్థులు తరచుగా తడబడే చోటు ఒకటుంది. కారాన్నిచ్చే కాప్సైసిన్ ప్రోటీన్ కాదు, కాబట్టి ఏ జన్యువులోనూ కాప్సైసిన్ రాసి ఉండదు. పన్1 నుంచి వచ్చేది ఒక ఎంజైము, కాప్సైసిన్ తయారయ్యే వరుసలో చివరి మెట్టుకు ఆ ఎంజైము కావాలి. కూరకు తెచ్చుకునే క్యాప్సికమ్ కాయల్లో ఈ జన్యువు నుంచి సుమారు 2,500 అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి, ఆ పోయిన వాటిలో ప్రమోటర్ భాగం, మొదటి ఎక్సాన్‌లో కొంత ఉన్నాయి. మీట లేదు, వాక్యం మొదలూ లేదు, కాబట్టి ఎంజైము లేదు, కారమూ లేదు. వీలైతే క్యాప్సికమ్ ప్లాసెంటాను కూడా నాలుక మీద పెట్టి పోల్చుకోండి, ఇదొక్కటి ముందే చేయడం మంచిది, పచ్చిమిరప తర్వాత ఏ రుచీ తెలియదు.

ప్రయోగం అయ్యాక కళ్లు నులుముకోకండి. కాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు కనుక, వేళ్లకు కాస్త వంటనూనె రాసి రుద్దిన తర్వాత సబ్బుతో కడుక్కోండి. నాలుక మండుతుంటే మంచినీళ్లు కాకుండా ఒక గ్లాసు మజ్జిగ తాగండి.